వదినామరదళ్లు కలిసి హైరాక్స్ మహిళల డబుల్స్‌లో దిగాలంటే

మీ ప్రశ్నను ముందుగా నేను అర్థం చేసుకున్నట్టు చెబుతాను. మీరు ఒంగోలులో ఉంటారు, మీ వదినగారు కావలిలో ఉంటారు. మీకు కొన్నేళ్లుగా పరుగు అలవాటు, కిలోమీటరును 6 నిమిషాల్లో పూర్తి చేయగలరు. మీ వదినగారు జిమ్‌లో బరువులెత్తడంలో గట్టివారు గానీ కిలోమీటరుకు ఆమెకు ఏడున్నర నిమిషాలు పడుతుంది. పరుగు, బరువుల వ్యాయామాలు కలిసిన హైరాక్స్ అనే పోటీలో ఇద్దరూ కలిసి మహిళల డబుల్స్‌లో దిగాలా, లేక ఎవరి భర్తతో వారు మిక్స్‌డ్ డబుల్స్‌లో దిగాలా అన్నది మీ మొదటి సందేహం. పరుగు మీరు, బరువులు ఆమె చూసుకుంటే సరిపోతుందా అన్నది రెండోది. స్లెడ్ (బరువులు పెట్టి నేల మీద తోసే, లాగే ఇనుప బండి) వంటి సామగ్రి లేని ఊళ్లో సాధన ఎలా అన్నది మూడోది. నేను నెల్లూరులో మహిళలకు శిక్షణ ఇస్తున్నాను, నా స్నేహితురాలితో కలిసి మహిళల డబుల్స్‌లో పోటీపడ్డాను కూడా. అందువల్ల మీ మూడు సందేహాలకూ వివరంగానే సమాధానం ఇస్తాను.

మిక్స్‌డ్ వద్దు, మీరిద్దరే దిగండి. ఎందుకో చెబుతాను. 2017లో జర్మనీలో క్రిస్టియన్ టోట్స్‌కె, ఒలింపిక్ హాకీ విజేత మోరిట్జ్ ఫ్యూర్‌స్టె కలిసి ప్రారంభించిన ఈ పోటీకి ఏ ఊళ్లోనైనా ఒకే స్వరూపం ఉంటుంది. పెద్ద హాలులో ఒక కిలోమీటరు పరుగు, వెంటనే ఒక వ్యాయామ స్టేషన్, ఇలా ఎనిమిది విడతలు ఉంటాయి. మహిళల డబుల్స్‌లో మహిళల ఓపెన్ అనే సాధారణ విభాగపు బరువులే వాడతారు. తోసే స్లెడ్ దాని బరువుతో కలిపి 102 కిలోలు, లాగే స్లెడ్ 78 కిలోలు, ఫార్మర్స్ క్యారీకి, అంటే రెండు చేతులా బరువు మోస్తూ నడవడానికి, చేతికి 16 కిలోల చొప్పున రెండు కెటిల్‌బెల్స్ (పిడి ఉన్న ఇనుప గుండ్లు), లంజెస్‌కు, అంటే ఒక్కో అడుగుకు మోకాళ్లు వంచి దిగుతూ నడవడానికి, 10 కిలోల ఇసుక బస్తా, కూర్చుని లేస్తూ గోడ మీది గురికి విసిరే వాల్ బాల్ 4 కిలోలు. మిక్స్‌డ్ డబుల్స్‌లోనైతే పురుషుల ఓపెన్ బరువులు పెడతారు. అక్కడ తోసే స్లెడ్ 152 కిలోలు, లాగేది 103 కిలోలు, కెటిల్‌బెల్స్ 24 కిలోలవి, బస్తా 20 కిలోలది. మొదటిసారి దిగే స్త్రీకి 152 కిలోల స్లెడ్ కార్పెట్ మీద కదలకపోవచ్చు. అప్పుడు ఆ పనంతా భర్త మీద పడుతుంది, మీరు పక్కన నిలబడి చూడవలసి వస్తుంది. మీరు పోటీపడాలని వెళుతున్నారు గాని పక్కన నిలబడటానికి కాదు. ఇద్దరు స్త్రీలు దిగినప్పుడు ఇద్దరికీ మోయదగిన బరువే ఉంటుంది కాబట్టి, ఏ స్టేషన్‌లోనైనా, ఏ క్షణంలోనైనా ఒకరి పనిని మరొకరు అందుకోవచ్చు. జోడీగా పోటీపడటంలోని అసలు బలం అదే.

ఇప్పుడు మీ రెండో సందేహానికి వస్తాను, ఎందుకంటే మీ ప్రణాళికలో ఉన్న పెద్ద లోపం అక్కడే ఉంది. పరుగు మీది, బరువులు ఆమెవి అని పంచుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవు. స్టేషన్లలోని పనిని మాత్రమే పంచుకోవచ్చు. ఎనిమిది కిలోమీటర్ల పరుగునూ ఇద్దరూ పూర్తిగా, కలిసే పరుగెత్తాలి. ఒకరు ముందుగా స్టేషన్‌కు చేరుకుని పని మొదలుపెట్టేస్తే జరిమానా పడుతుంది. మన ఒంగోలు జాతి ఎద్దుల బండలాగుడు పోటీలను మీరు చూసే ఉంటారు. రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి అని ఈడు చూసి విభాగాలు చేస్తారు, ఈడూజోడూ కుదిరిన జతనే కాడికి కడతారు. ఎందుకంటే ఒక ఎద్దు ఎంత చురుకైనదైనా కాడి రెండోదాని అడుగును దాటి పోదు. హైరాక్స్‌లో స్టేషన్ల దగ్గర కాడి ఉండదు, ఒకరు పనిచేస్తుంటే ఒకరు ఊపిరి పీల్చుకుంటారు. పరుగులో మాత్రం ఇద్దరూ ఒకే కాడి కింద ఉంటారు.

లెక్క వేసి చూడండి. మీ వేగంతో ఎనిమిది కిలోమీటర్లకు 48 నిమిషాలు పడుతుంది, మీ వదినగారి వేగంతో 60 నిమిషాలు. జోడీకి పడేది 60 నిమిషాలే, మీ 12 నిమిషాల ఆధిక్యం ఎక్కడా జమకాదు. అదే మీ వదినగారు తన వేగాన్ని కిలోమీటరుకు ఏడు నిమిషాలకు తెచ్చుకోగలిగితే ఒక్కసారిగా నాలుగు నిమిషాలు మిగులుతాయి. ఆమె స్లెడ్‌ను ఎంత చాకచక్యంగా తోసినా 50 మీటర్లలో నాలుగు నిమిషాలు మిగిల్చలేరు. కాబట్టి మీ జోడీ మొత్తం కాలాన్ని నిర్ణయించేది మీ వదినగారి పరుగు. మీ ఇద్దరి సాధన, స్టేషన్లలో పని పంపకం, ఆనాటి ప్రతి నిర్ణయం, ఆమె పరుగును కాపాడటం చుట్టూనే తిరగాలి. స్టేషన్లలో సగం సగం పంచుకోవడం న్యాయంగా కనిపిస్తుంది గాని మీ విషయంలో అది సరైన పంపకం కాదు.

పంపకానికి నేను పాటించే సూత్రం ఒకటుంది. తొడలను, ఊపిరిని దెబ్బతీసే పనిలో పరుగు బాగా వచ్చినవారు ఎక్కువ భాగం తీసుకోవాలి. చేతులతో, వీపుతో చేసే పనిలో బలమైనవారు ఎక్కువ తీసుకోవాలి. ఏ స్టేషన్‌లోనైనా చివరి భాగం పరుగు బాగా వచ్చినవారిదే కావాలి, ఎందుకంటే నెమ్మదిగా పరుగెత్తే వ్యక్తికి స్టేషన్ ముగిసేలోగా అర నిమిషమైనా ఊపిరి తిరిగితేనే తరువాతి కిలోమీటరు సజావుగా సాగుతుంది. మీ ఇద్దరి స్టేషన్లను ఈ సూత్రం ప్రకారం చూద్దాం.

మొదటి స్టేషన్ స్కీ ఎర్గ్, 1000 మీటర్లు. పైనుంచి రెండు తాళ్లను కిందికి లాగే యంత్రం ఇది. మొదటి 500 మీటర్లు మీ వదినగారు, మిగిలినది మీరు చేయండి. అప్పటికి ఉత్సాహం ఉరకలు వేస్తుంటుంది కనుక ఇద్దరూ కావాలనే కొంచెం తగ్గి చేయాలి.

రెండోది స్లెడ్ తోయడం. 12.5 మీటర్ల చొప్పున నాలుగు విడతలు. ప్రతి విడత చివర స్లెడ్ ఎలాగూ ఆగుతుంది, కాబట్టి అక్కడ మారితే నష్టం ఉండదు. మధ్యలో ఆపితే ఆగిన స్లెడ్‌ను మళ్లీ కదిలించడానికే సగం బలం పోతుంది. ఇక్కడే చాలా జోడీలు పొరపడతాయి. బలమైనవారే నాలుగు విడతలూ తోసేస్తారు, మూడో కిలోమీటరులో వారి కాళ్లు కర్రలవుతాయి, ఇద్దరూ నడవవలసి వస్తుంది. మొదటి రెండు విడతలు ఆమె, చివరి రెండు మీరు తోయండి. 102 కిలోలు మీకు రెండు విడతలపాటు కదలవని సాధనలో తేలితే ఆమెకు మూడు ఇచ్చి, చివరిదాన్ని మాత్రం తప్పక మీరే తీసుకోండి.

మూడోది స్లెడ్ లాగడం. ఇది వీపుతో, చేతులతో చేసే పని కాబట్టి మీ వదినగారు మూడు విడతలు లాగినా ఆమె పరుగుకు పెద్ద ముప్పు లేదు. నేల మీద గీసిన గడిలో నిలబడే లాగాలి, గీత దాటకూడదు. లాగిన తాడు కాళ్లకు చుట్టుకోకుండా ఆమె వెనక్కి తోసుకుంటూ ఉండాలి.

నాలుగోది బర్పీ బ్రాడ్ జంప్, 80 మీటర్లు. ఛాతీ నేలకు ఆనించి లేచి, రెండు పాదాలూ కలిపి ముందుకు దూకాలి. ఊపిరిని ఇంతగా పీల్చేసే స్టేషన్ మరొకటి లేదని నా అభిప్రాయం. ఇందులో 50 మీటర్లకు తగ్గకుండా మీరే చేయాలి. ఒకరు ఆపిన చోటినుంచే మరొకరు మొదలుపెట్టాలి, పనిలేనివారు వెనకాలే నడవాలి. మీ వదినగారికి ఒకేసారి 30 మీటర్లు అప్పగించవద్దు. నాలుగైదు దూకుల చొప్పున చిన్నచిన్న విడతలుగా ఇవ్వండి.

ఐదోది రోయింగ్, అంటే కూర్చుని తెడ్డు వేసినట్టు లాగే యంత్రం, 1000 మీటర్లు. పాదాల పట్టీలు విప్పి, మళ్లీ బిగించడంలో కాలం పోతుంది కాబట్టి ఒక్కసారే మారాలి. ఆమె 600, తరువాత మీరు 400. ఆరోది ఫార్మర్స్ క్యారీ, 200 మీటర్లు. ఆమె పిడికిలి గట్టిది, సగానికి పైగా ఆమె నడవవచ్చు, పట్టు జారుతోందనుకున్నప్పుడు కింద పెట్టి మీకు ఇవ్వవచ్చు.

ఏడోది ఇసుక బస్తాతో 100 మీటర్ల లంజెస్. ప్రతి అడుగులో వెనుక మోకాలు నేలకు తాకాలి, బస్తా నేలకు తగలకుండా ఒకరి భుజం మీదినుంచి మరొకరి భుజం మీదికి మారాలి. ఈ మార్పిడిని ఇంట్లోనే పలుమార్లు సాధన చేయండి, ఎందుకంటే చెమటతో జారే బస్తాను వణికే చేతులతో అందుకోవడం అనుకున్నంత తేలిక కాదు. ఇచ్చేవారు ఆగి తిన్నగా నిలబడాలి, అందుకునేవారు వెనుకనుంచి రెండు చివరలూ పట్టుకుని తన మెడ వెనుకకు తెచ్చుకున్నాకే మొదటివారు చేతులు వదలాలి. దూరంలో 60 మీటర్లు మీవి.

చివరిది వాల్ బాల్స్, 100 సార్లు. దీని తరువాత పరుగు లేదు. అందువల్ల అప్పటిదాకా మనం కాపాడుకుంటూ వచ్చిన మీ వదినగారి బలాన్ని ఇక్కడ పూర్తిగా ఖర్చు పెట్టవచ్చు. 2.70 మీటర్ల ఎత్తున ఉన్న గురికి బంతి తగలాలి, కూర్చున్నప్పుడు తుంటి మోకాలికంటే కిందికి దిగాలి. ఈ రెండింటిలో ఏది తప్పినా న్యాయనిర్ణేత ఆ విసురును లెక్కలోకి తీసుకోరు. అలసిన మనిషి ముందుగా చేసే తప్పు సగం కూర్చుని లేవడం. కాబట్టి ఒక విసురు వృథా అయ్యాక మారడం కాకుండా, వృథా కాకముందే, పది పన్నెండు విసుర్లకు ఒకసారి మారండి.

ఇక మీరు ప్రశ్న చివర ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన విషయం. "వదినకు నేను చెప్పలేను, ఆమె పెద్దది" అన్నారు. నిజానికి మీ జోడీకి స్లెడ్‌కంటే ఇదే పెద్ద బరువు. ఆమె అలసిపోయిందని మీకు కనిపిస్తున్నా మీరు అనరు, తాను అలసిపోయానని ఆడబిడ్డ ముందు ఒప్పుకోవడానికి ఆమెకు మనసు రాదు, ఇద్దరి మర్యాదా కలిసి మీ కాలాన్ని తినేస్తుంది. దీనికి నేను నా శిష్యురాళ్లకు చెప్పే ఉపాయం ఇది. మాటలన్నీ పోటీకి ముందే మాట్లాడేసుకోవాలి. ఏ స్టేషన్‌లో ఎవరు ఎంత చేయాలో ఒక కాగితం మీద ఇద్దరూ కూర్చుని రాసుకోవాలి. పోటీలో ఆ కాగితమే పెద్దది, వయసు కాదు. పనిలో ఉన్నవారు "మార్చు" అంటే రెండోవారు ప్రశ్నించకుండా అందుకోవాలి. పక్కన ఉన్నవారు "ఇటివ్వు" అంటే పనిలో ఉన్నవారు మారు మాట్లాడకుండా ఇచ్చేయాలి. ఆ గంటన్నరసేపు మీరు ఆమెను "ఇటివ్వు వదినా" అని ఏకవచనంలో పిలవవచ్చని ఆమె చేతనే ముందుగా అనిపించుకోండి. పరుగులో మీరు ఆమెకు ముందు కాకుండా పక్కన, అర అడుగు వెనకగా ఉండండి. ముందు పరుగెత్తేవారి వీపును చూస్తూ పరుగెత్తడం నెమ్మదిగా వచ్చేవారిని కుంగదీస్తుంది, శక్తికి మించి పరుగెత్తిస్తుంది. రౌండ్లు లెక్కపెట్టే బాధ్యత మీరు తీసుకోండి. కిలోమీటరుకు ఎన్ని రౌండ్లో హాలును బట్టి మారుతుంది, ఆ లెక్క పోటీదారులదే, తప్పితే జరిమానా. ఆమెకు ఊపిరి మీద తప్ప మరి దేనిమీదా ధ్యాస ఉండనక్కరలేదు.

సాధనకు సామగ్రి లేదని బాధపడవద్దు. 15 లీటర్ల ఖాళీ వంటనూనె క్యాన్లు రెండింటిలో నిండా నీళ్లు పోస్తే ఒక్కొక్కటి ఇంచుమించు 16 కిలోలు తూగుతుంది, ఫార్మర్స్ క్యారీకి అవి చాలు. గోతంలో 10 కిలోల ఇసుక తూచి పోసి, మూతి గట్టిగా కుట్టి, దాన్ని మరో గోతంలో పెడితే లంజెస్ బస్తా సిద్ధం. గోడ మీద 8 అడుగుల 10 అంగుళాల ఎత్తున సుద్దతో గుండ్రం గీస్తే వాల్ బాల్ గురి అవుతుంది, 4 కిలోల మెడిసిన్ బాల్ మాత్రం కొనక తప్పదు. స్లెడ్‌కు బదులు పాత లారీ టైరు మధ్యలో పలక కట్టి, దాని మీద ఇసుక మూటలు పెట్టి సిమెంటు నేల మీద తోయండి. లాగడానికి కావలి దగ్గరి జువ్వలదిన్నె వైపు మత్స్యకారులు వాడే లావాటి మోకు మీ వదినగారు తేలికగానే సంపాదించగలరు. సన్న తాడుతో సాధన చేస్తే పోటీలో లావు తాడు పట్టు దొరకదు. స్కీ ఎర్గ్‌కు బదులు జిమ్‌లోని కేబుల్ యంత్రాన్ని రెండు చేతులతో, నడుము వంచుతూ కిందికి లాగండి. రోయింగ్ యంత్రం ఒంగోలు, కావలి రెండింటిలో ఏదో ఒక జిమ్‌లో దొరకకపోదు.

వారంలో ఎవరి ఊళ్లో వారు చేసుకోవలసినది వేరు. మీ వదినగారు మూడు రోజులు పరుగే చేయాలి, అందులో రెండు రోజులు మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత నెమ్మదిగా, 40 నిమిషాలపాటు. మూడో రోజు కిలోమీటరు చొప్పున నాలుగు, మధ్యలో రెండు నిమిషాల విరామంతో, పోటీలో పరుగెత్తదలచిన వేగంతో. ఆమెకు ఇష్టమైన బరువులను వారానికి రెండు రోజులకు తగ్గించమనండి. మీరు దీనికి తలకిందులుగా, పరుగును రెండు రోజులకు తగ్గించి స్క్వాట్లు, లంజెస్, స్లెడ్ సాధన పెంచాలి. ఆదివారం మాత్రం తప్పనిసరిగా కలవండి. మీ ఇద్దరికీ ఇంచుమించు నడుమ సింగరాయకొండ ఉంది, అక్కడినుంచి పాకల బీచ్ దగ్గరే. అల తడిపి వెళ్లిన గట్టి ఇసుక మీద కిలోమీటరు పరుగు, ఒక స్టేషన్ పని, మళ్లీ పరుగు, ఇలా నాలుగు విడతలతో మొదలుపెట్టి నెలలు గడిచేకొద్దీ ఎనిమిదికి పెంచండి. పరుగునుంచి పనికి, పనినుంచి పరుగుకు మారేటప్పుడు కాళ్లు ఎలా ఉంటాయో కలిసి చేస్తేనే తెలుస్తుంది. నాలుగు నెలలు సరిపోతాయా అన్నారు. ఈ ఆదివారాలు తప్పిపోకపోతే సరిపోతాయి.

మన తీరప్రాంతపు ఎండను, ఉక్కను చిన్నచూపు చూడవద్దు. గాలిలో తేమ ఎక్కువైనప్పుడు చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, అదే వేగానికి గుండె మరింత వేగంగా కొట్టుకుంటుంది. వేసవిలో తెల్లవారకముందే సాధన ముగించండి, ఆ రోజుల్లో గడియారంలో కనిపించే వేగాన్ని చూసి నిరుత్సాహపడవద్దు. ఉప్పు వేసిన మజ్జిగ మీకు ఏ సీసా పానీయానికీ తీసిపోదు. చీకట్లో రోడ్డు మీద ఒంటరిగా పరుగెత్తవలసి వస్తే మానేయండి. స్టేడియం గానీ, నడకకు పదిమంది వచ్చే కాలేజీ మైదానం గానీ చూసుకోండి. ఇక్కడ నెల్లూరులో ఏ.సి. సుబ్బారెడ్డి స్టేడియం దగ్గర మా బృందంలోని స్త్రీలు కలిసే మొదలుపెట్టి కలిసే ముగిస్తారు, భద్రతకు అంతకంటే మంచి ఏర్పాటు నాకు తెలియదు. నెలసరి తేదీ పోటీ రోజున పడుతుందేమో ఇద్దరూ ముందుగానే చూసుకుని, అలా పడితే పంపకంలో ఎవరికి ఎంత తగ్గించాలో కాగితం మీదే రాసుకోండి. ఆ రోజు ఉదయం చెప్పుకోవడానికి సిగ్గుపడే పరిస్థితి రాకూడదు.

ప్రయాణం గురించి ఒక్క మాట. ఈ పోటీ మన దేశంలోకి 2025లో ముంబయితో వచ్చింది, అదే ఏడాది ఢిల్లీలోనూ జరిగింది. ఏ నగరమైనా మనకు దూరమే. రైల్లో రాత్రంతా, పగలంతా కూర్చుని దిగి మరునాడే పరుగెత్తితే తొడలు బిగుసుకుపోతాయి కాబట్టి కనీసం ఒక పూర్తి రోజు ముందుగా చేరుకోండి. కొత్త ఊళ్లో కొత్త వంటలు ముందురాత్రి ముట్టవద్దు. ఇంట్లో ఆదివారపు సాధనకు ముందు ఏ అన్నం తిన్నారో అదే తినండి. ఏసీ హాలులో మన ఉక్క ఉండదు, ఒళ్లు తేలికగా అనిపిస్తుంది, మొదటి కిలోమీటరు అనుకున్నదానికంటే వేగంగా సాగిపోతుంది. అక్కడ ఆమెను ఆపవలసింది మీరే.

పేర్లు నమోదు చేసేటప్పుడు మహిళల డబుల్స్ అన్న విభాగాన్నే ఎంచుకున్నారో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకోండి. డబ్బు కట్టేముందు ఒక పని చేయండి. వచ్చే ఆదివారం పాకలలో ఇద్దరూ పక్కపక్కనే నాలుగు కిలోమీటర్లు, మధ్యమధ్య ఇసుక గోతంతో 25 మీటర్ల లంజెస్ చేస్తూ పరుగెత్తి, ఒక్కొక్క కిలోమీటరుకు పట్టిన కాలాన్ని విడివిడిగా రాసి నాకు పంపండి. మొదటి కిలోమీటరుకూ నాలుగోదానికీ మధ్య మీ వదినగారి కాలం ఎంత పెరిగిందో చూశాక, లంజెస్‌లోను, స్లెడ్‌లోను నేను పైన చెప్పిన వాటాలను మీ ఇద్దరికీ తగినట్టు సవరించి చెబుతాను.